బిస్కెట్ డబ్బా నిండా గుండీలు

మార్చి 3

ఇది మా బ్యాంకు వాళ్లు ఇచ్చిన ఆఖరి డైరీ. డబ్బు చెల్లకుండా పోయిన ఏడాదిది. మొదటి పేజీలో వడ్డీ రేట్లు, చివర సెలవు రోజులు అచ్చేసి ఉన్నాయి. వారాలు ఎలాగూ కలవవు కాబట్టి వాటిని కొట్టేసి తేదీలు మాత్రం వాడుకుంటాను. కాగితం బాగుంది, పెన్ను జారిపోతోంది.

రాయడానికి కారణం మా ఆవిడ కళ్లు. ఇవాళ డాక్టరు చూసి రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి, ముందు కుడి కన్ను చేద్దాం అన్నాడు. వంతు ఎప్పుడని ఆసుపత్రి బోర్డుని అడిగితే జూన్ పదహారు అని చూపించింది. మార్చిలో అడిగితే జూన్! "కంగారేం లేదండీ, అప్పటిదాకా ఆగినా కంటికి ఏమీ కాదు. ఇంతకంటే అవసరమున్నవాళ్లు ముందున్నారు" అన్నాడు డాక్టరు. పాత రోజుల్లో అయితే ఎంతవుతుందని అడిగేవాణ్ణి. ఆయన చెప్పేవాడు. నా గుండె ఆగినంత పనయ్యేది, అయినా ఎక్కడో తెచ్చి కట్టేవాణ్ణి, పై వారం ఆపరేషన్ అయిపోయేది. ఇప్పుడు డబ్బు మాటే లేదు, ఎంతా అవదు. అడగడానికేమీ లేక ఊరికే నిలబడ్డాను.

ఆవిడ మాత్రం దారి పొడుగునా కబుర్లే. "జూన్ ఎంతలో వస్తుందండీ!" అంది. ఇంటికొచ్చాక సూదీ దారమూ నా చేతిలో పెట్టి ఎక్కించమంది. మరమ్మతు గదిలో వీధి బట్టలన్నీ కుట్టే మనిషి. ఇప్పుడు పక్కింటి పిల్లల్ని పిలిచి సూదులన్నిటికీ పొద్దున్నే దారాలు ఎక్కించి పెట్టుకుంటోందట. నాకు చెప్పనే లేదు.

మార్చి 4

అమ్మాయి ఫోన్ చేసింది. పంపిణీ కేంద్రంలో బోర్డులు చూసుకునేది తనే. "నాన్నా, మీ వాషింగ్ హాల్లో బోర్డు ఇంకా ఆఫ్‌లోనే కనిపిస్తోంది. కొత్త తెర బిగించి చాలా రోజులైంది కదా?" అంది.

"వైరు వదులుగా ఉన్నట్టుందమ్మా, చూస్తాను" అన్నాను.

వీధి వాషింగ్ హాలు చూసుకునేది నేను. వైరు గట్టిగానే ఉంది. స్విచ్చి నేనే ఆపాను. ఇక్కడ రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు కదా.

బోర్డు ఏం చేస్తుంది? ఏ ఇంట్లో పసిబిడ్డ ఉంది, ఏ ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నాడు చూసి, వాళ్లకి ముందు, మిగతావాళ్లకి తర్వాత మెషీను కేటాయిస్తుంది. జనవరిలో అది పాడైతే జనం మెషీన్ల మీద పడి జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు తట్టింది నాకు. మెషీన్ల జల్లెడల్లో చిక్కుకున్న గుండీలు ఎప్పటినుంచో ఓ బిస్కెట్ డబ్బాలో వేసి ఉంచాను. పెద్దవి ఏరి, కాల్చిన సూదితో ఒక్కోదానికి అదనంగా ఓ కన్నం పెట్టాను, ఇంకెవరూ ఇంట్లోంచి తెచ్చి కలపకుండా. వారం మొదట్లో ఇంటికి ఇన్నని పంచాను. ఒక గుండీ ఇస్తే ఒక ఉతుకు. అందరికీ సమానం. కుటుంబమా, ఒంటరివాడా అని చూసేది లేదు. ఇంతకంటే న్యాయం ఇంకేముంటుంది?

గొడవ టక్కున ఆగింది. అంతకాలం బ్యాంకు కౌంటర్లో కూర్చున్న మనిషికి ఆ పని రాదా? ఆ రోజు అందరూ "క్యాషియర్ గారూ" అని పిలిచారు. ఆ పిలుపు విని మూడేళ్లయింది.

బోర్డు బాగైన మాట నిజమే. కానీ ఇంకొన్నాళ్లు పరీక్షించి చూడాలి.

మార్చి 9

గుండీలు హాలు దాటి బయట తిరుగుతున్నాయి. సెలూన్ అతను గుండీ ఇచ్చినవాడికి ముందు కత్తిరిస్తున్నాడు. బుట్ట ఉన్న సైకిలు కోసం వస్తువుల గదిలో ఇద్దరు గుండీలతో వేలం పాడుకున్నారట. ఒంటరిగా ఉండే కుర్రాళ్లు వారానికి ఒక్క ఉతుకు ఉతికి మిగిలినవి దాచుకుంటున్నారు. నేను చెయ్యమనలేదు. జనమే చేస్తున్నారు. ఎవరిష్టం వాళ్లది.

ఇదంతా నడిపేది సర్దుబాటు. అతని పేరు ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు ఇళ్లూ స్థలాలూ అమ్మించేవాడు. ఏ మాటకైనా "సర్దుబాటు చేద్దాం" అంటాడు. డబ్బు పోయాక పాపం గాలి తీసినట్టు తిరిగాడు. ఇప్పుడు మళ్లీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

నా దగ్గరా కొన్ని చేరాయి. ఎవరూ తీసుకెళ్లనివి, పని చేసి పెట్టినందుకు ఇచ్చినవి. డబ్బాలోనే ఉంచుతున్నాను. జాగ్రత్త కోసం.

పై అంతస్తు పాటల టీచరుగారు ఆగి అడిగింది: "బోర్డు ఎప్పుడు బాగవుతుందండీ?"

"కేంద్రం వాళ్లు చూస్తున్నారు టీచరుగారూ" అన్నాను. ఆవిడ చేతులకి ఏదో తెల్లటి మందు రాసుకుంది.

మార్చి 12

నా తెల్ల చొక్కా రెండో గుండీ ఊడిపోయింది. "ఒక గుండీ పట్రండి, కుట్టేస్తాను" అంది మా ఆవిడ.

లేవన్నాను.

"లేవేమిటండీ? గుండీలు ఏరే ఉద్యోగం మీది!"

నా నోటికి ఆ క్షణాన అదే వచ్చింది. చొక్కాకి సరిపోయేది డబ్బాలో ఒకటి ఉంది. కానీ దానికి కన్నం పెట్టేశాను. అది చొక్కాకి కుట్టుకుంటే వేలికి నోటు చుట్టుకుని తిరిగినట్టు ఉండదూ? పిన్నీసు పెట్టుకుని వెళ్లాను. రోజంతా గుచ్చుకుంది.

మార్చి 15

సర్దుబాటు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మేడం గారికి కంటి ఆపరేషన్ అంట కదా అన్నా. జూనా? ఎందుకంత కష్టం? ఏప్రిల్ వంతు ఒకటి ఉంది."

"వంతులు అమ్మకానికి ఉండవు" అన్నాను.

"అమ్మకం అని ఎవరన్నారు? ఇద్దరూ ఒప్పుకుంటే వంతులు మార్చుకోవచ్చని ఆసుపత్రి వాళ్ల రూలే ఉంది. ఎవరితో మార్చుకున్నారో కూడా బోర్డు చెప్పదు. వాళ్లు జూన్‌కి వెళ్తారు, మీరు ఏప్రిల్‌కి వస్తారు. వాళ్ల మనసు కష్టపెట్టకుండా మనం ఏదో కొంచెం... సర్దుబాటు."

ఎన్ని అని అడిగాను. చెప్పాడు. డబ్బాలో ఉన్నవి దాదాపు అన్నీ.

ఎవరిదని మాత్రం అడగలేదు.

మార్చి 16

అడగడంలో తప్పేముంది. ఇంకా ఇవ్వలేదు కదా.

మార్చి 18

వంటశాల నుంచి బండి వచ్చింది. డ్రైవరు లేని ఆ బండి గుమ్మం దగ్గర ఆగి గంట కొడుతుంది, మన గిన్నెలు మనం తీసుకోవాలి. ఇవాళ ఆవిడ పక్కింటివాళ్ల గిన్నెలు తెచ్చేసింది. మూత మీద మా గుర్తు ఎరుపు, వాళ్లది నారింజ. "రెండూ ఒకటేలా ఉన్నాయండీ" అని నవ్వేసింది.

నాకు నవ్వు రాలేదు. సర్దుబాటుకి కబురు పెట్టాను.

మార్చి 21

ఇచ్చేశాను. సంచీలో పోసి ఇస్తుంటే పాత అలవాటు కొద్దీ వేళ్లు వాటంతటవే దొంతర్లు పెట్టబోయాయి. ముదురు ఆకుపచ్చ కోటు గుండీ ఒకటి, అంచు చిట్లింది, నాకు ఇష్టమైంది. అది కూడా ఇచ్చాను.

సాయంత్రం ఆవిడ ఫోన్‌కి ఆసుపత్రి కబురు వచ్చింది. "అక్షరాలు చీమల్లా ఉన్నాయి, చదవండి" అని నాకిచ్చింది.

వంతు మార్పుకి సమ్మతమేనా అని ఉంది.

"నీ వంతు ముందుకు జరిగిందే. ఏప్రిల్ పధ్నాలుగు. సరే అంటే వేలు పెట్టాలి" అని ఆవిడ బొటనవేలు పట్టుకుని నేనే ఆనించాను.

నేను చదివింది అబద్ధం కాదు. ముందుకు జరగడం నిజమే కదా.

మార్చి 22

ఇల్లంతా పండగలా ఉంది. మా ఆవిడ అమ్మాయికి ఫోన్ చేసి "మీ బోర్డులకి మనసుందే తల్లీ" అని మురిసిపోయింది. ఆ ఆనందం చూశాక నాకు ఏ బాధా లేదు. కడుపు నిండా తిన్నాను.

మార్చి 26

మా ఆవిడ పైకెళ్లి టీచరుగారికి తన వంతు సంగతి చెప్పి వచ్చింది. ఇద్దరూ ఒకే నెలలో కళ్లు చూపించుకున్నవాళ్లు, అదో స్నేహం.

"ఆవిడకీ ఏప్రిల్లోనే అని గుర్తండీ. ఇప్పుడు జూన్ అంటోంది. నా వంతు పధ్నాలుగు అన్నాను. మంచిదమ్మా అని నా చెయ్యి నొక్కింది. ఆ చేతులు ఎలా ఉన్నాయో తెలుసా, గరగరా, పగిలిపోయి."

ఏదో పని ఉన్నట్టు బాల్కనీలోకి వెళ్లాను.

మార్చి 27

టీచరుగారు ఇష్టపడే ఇచ్చింది. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు.

మార్చి 28

నాకేం సంబంధం.

మార్చి 30

నాకేం సంబంధం అని ఎన్నిసార్లు అనుకున్నా అన్నం దిగడం లేదు.

ఏప్రిల్ 1

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

పాటల టీచరుగారు పెద్ద సంచీతో హాలుకి వచ్చింది. అన్నీ దుప్పట్లే. వాళ్లాయన మంచాన పడి చాలాకాలమైంది, రోజూ పక్క మార్చాలి. కౌంటరు మీద పిడికిలి విప్పి గుండీలు పోసింది. కళ్లు సరిగ్గా కనపడక, వేలితో తడిమి నేను పెట్టిన కన్నం వెతుకుతోంది. వాటిలో చిట్లిన ఆకుపచ్చ కోటు గుండీ ఉంది.

నా డబ్బాలోంచి వెళ్లిన గుండీలు. సర్దుబాటు చేతిలోంచి ఆవిడ చేతిలోకి, మళ్లీ నా ముందుకి.

"చాలా ఉన్నాయే ఈసారి" అన్నాను.

"తప్పలేదండీ. ఇంటికిన్నని మీరిచ్చేవి మాకు రెండు రోజులు కూడా రావు. మిగతా రోజులు టబ్బులో చేత్తో ఉతికేదాన్ని, ఈ చేతులు చూడండి. బోర్డు ఉన్నప్పుడు రోజూ వంతు వచ్చేది, అడగాల్సిన పనే ఉండేది కాదు. ఇప్పుడు గుండీ లేనిదే ఎవరూ జరగరు. కన్ను రెండు నెలలు ఆగితే పోయిందేముంది? ఆయన తడి పక్క మీద ఆగలేరు కదా."

అన్నీ మామూలుగా చెప్పింది, కూరలో ఉప్పు తక్కువైంది అన్నట్టు. నిష్ఠూరం లేదు. నేనే కొనుక్కున్నానని ఆవిడ ఊహించిందో లేదో తెలియదు. బోర్డు నా వెనకాలే, బాగై, గుడ్డ కప్పుకుని ఉందని మాత్రం ఆవిడకి తెలియదు.

ఒక్క గుండీ తీసుకుని మిగతావి వెనక్కి తోశాను. మెషీన్లో దుప్పట్లు నేనే వేశాను. అవి తిరుగుతున్నంతసేపూ అక్కడే నిలబడ్డాను. అందరికీ సమానం అని ఎంత గొప్పగా రాసుకున్నాను పైన! ఆ పేజీ చింపేద్దామనుకున్నాను, చింపలేదు. ఉండనీ.

ఆవిడ కన్ను అమ్ముకుంది. నా స్విచ్చి వల్ల అమ్ముకుంది. నేనే కొన్నాను. ఇంతకంటే సూటిగా రాయడం నాకు రాదు.

ఏప్రిల్ 2

చెప్పాలి. చెబితే మా ఆవిడ వంతు పోతుంది. సూది, గిన్నెల మూతలు, చీమల్లాంటి అక్షరాలు, అన్నీ జూన్ దాకా అలాగే. చెప్పకపోతే పధ్నాలుగున ఆవిడకి వెలుగొస్తుంది, ఆ వెలుగులో మొదట కనపడేది నా మొహం.

పొద్దున రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ టీ అడిగాను.

మధ్యాహ్నం చెప్పేశాను. మొదటినుంచీ. స్విచ్చి, గుండీలు, సర్దుబాటు, బొటనవేలు.

ఆవిడ అన్న మొదటి మాట ఇది: "అంటే ఆ రోజు డబ్బా నిండా గుండీలు పెట్టుకుని, చొక్కాకి ఒక్కటి లేదన్నారా?"

"అవును."

"పిన్నీసు పెట్టుకుని వెళ్లారా?"

"అవును."

అప్పుడొచ్చింది కోపం. అలాంటి కోపం పెళ్లయ్యాక ఎప్పుడూ చూడలేదు. "నా వేలు పట్టుకుని నా చేతే దొంగతనం చేయిస్తారా? కళ్లు కనపడని మనిషినని కదా? మీకు వణుకు పుడితే నాతో చెప్పాలి. నాకు లేని భయం మీకెందుకండీ?" అని దులిపేసింది. నేను తలొంచుకుని కూర్చున్నాను. ప్రతి మాటా తగులుతోంది, తగిలినకొద్దీ ఎక్కడో తేలికపడుతోంది. అది ఆవిడతో అనలేదు. అంటే ఇంకో వాయింపు ఉండేది.

చివరికి చెప్పులు వేసుకుంది. "పదండి పైకి" అంది.

"ఇప్పుడా?"

"మీరు మళ్లీ టీ అడిగేలోపు."

ఏప్రిల్ 2, సాయంత్రం

పైకి వెళ్లాం. వాళ్లాయన పక్క గదిలో రేడియో వింటున్నాడు. టీచరుగారు వంటింట్లో దుప్పటి పిండుతోంది. మా ఆవిడ నన్ను ముందుకు తోసింది. మళ్లీ అంతా చెప్పాను, ఈసారి త్వరగా వచ్చింది.

టీచరుగారు విని చేతులు తుడుచుకుని, "చెయ్యి చాపండి" అంది. చాపాను. "బళ్లో పిల్లవాడైతే స్కేలు విరిగేది" అంది. ఆ తర్వాత నిజంగానే కోపంగా అంది: "నేను అడిగానండీ. బోర్డు ఎప్పుడని నోరు తెరిచి అడిగాను. మీరు నా మొహం మీద అబద్ధం చెప్పారు."

అవునని తలూపాను.

వంతు వెనక్కి తీసుకోమంటే ఒప్పుకోదే! "సగం గుండీలు ఖర్చయిపోయాయి, ఎలా తీసుకుంటాను?" అంటుంది. బోర్డు వేశాక వాటికి విలువే ఉండదని చెప్పినా, మాట మాటే అంటుంది. మా ఆవిడ టీచరుగారి పక్కన నేల మీద కూర్చుని, "అక్కా, నా సంగతి వినండి. నేను ఏప్రిల్లో కళ్లు తెరిస్తే ఈయన మొహం రెండు నెలలు ముందు చూడాల్సి వస్తుంది. నన్ను కాపాడండి" అంది.

ఇద్దరూ పగలబడి నవ్వారు. పక్క గదిలోంచి ఆయన కూడా నవ్వడం వినిపించింది. నేనొక్కణ్ణే నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాను. ఇద్దరి బొటనవేళ్లూ వాళ్లే పెట్టుకున్నారు. ఈసారి ఎవరూ పట్టుకోలేదు.

శిక్ష కూడా పడింది. ఆవిడ కన్ను కుదుటపడేదాకా ఆ ఇంటి దుప్పట్లు రోజూ తెచ్చి, ఉతికి, మడతపెట్టి పైకి చేర్చాల్సింది నేను. మూలలు కలవాలట.

మెట్లు దిగుతుంటే కాళ్లు తేలిగ్గా పడ్డాయి. పాత రోజుల్లో సాయంత్రం కౌంటర్ మూసేముందు లెక్క సరిపోతే ఇలాగే ఉండేది. తేడా వస్తే నా జేబులోంచి పోయేది. నిద్రలో కూడా నోట్లు లెక్కపెట్టేవాణ్ణి. అలాంటి బతుకు పోయిందని, ఇంటి అప్పు కొట్టేశారని తెలిసిన రోజు నేను సంతోషం పట్టలేక ఏడ్చాను. అది ఎలా మర్చిపోయానో!

ఏప్రిల్ 3

అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. తిట్టింది. బాగా తిట్టింది. తర్వాత ఉన్నట్టుండి ఏడ్చింది.

"నెలల తరబడి మీ వీధి లెక్కలు తప్పుతున్నాయి నాన్నా. పసిపిల్లల ఇళ్లకి ఉతుకులు తగ్గాయి, ఒంటరివాళ్లకి పెరిగాయి. తెర ఆగినా కేటాయింపు నడుస్తోందనుకున్నాను. తప్పు నేను రాసిన ప్రోగ్రాంలోనే ఉందనుకుని మొత్తం మూడుసార్లు విప్పి చూశాను. ఉద్యోగం నాకు చేతకాదేమోనని..."

నా గుండీలు ఎంతదూరం వెళ్లాయో.

కాసేపటికి ముక్కు ఎగబీల్చి, "పోనీలే. తప్పు నాది కాదు. అబ్బా, ఎంత హాయిగా ఉందో" అంది. ఇంకా కాసేపటికి, "వైరు వదులా? ఇంకేదైనా మంచి అబద్ధం దొరకలేదా నీకు?" అంది. తండ్రి మీద జోకులు వేసే స్థితికి వచ్చిందంటే గండం గడిచినట్టే.

బోర్డు ఎల్లుండి వేస్తాను. చేతిలో ఉన్న గుండీలు ఈలోపు వాడేసుకోండి అని తలుపు మీద రాసిపెట్టాను. మాటిచ్చినవి కదా, ఎగ్గొట్టడం బాగుండదు.

ఏప్రిల్ 4

అలా రాయడం ఎంత తెలివితక్కువో ఇవాళ తెలిసింది.

పొద్దున తలుపు తీసేసరికి వరస వీధి మలుపు దాకా ఉంది. అందరి చేతుల్లోనూ గుండీలు. నెలలుగా దాచినవి ఒక్కరోజులో ఖర్చుపెట్టాలి, మరి మురికి బట్టలేవి? కర్టెన్లు తెచ్చారు. మడత విప్పని కొత్త తువ్వాళ్లు తెచ్చారు. ఒకాయన వేసుకున్న చొక్కా అక్కడే విప్పి ఇచ్చాడు. సెలూన్ అతను షాపులో కప్పే గుడ్డలన్నీ మోసుకొచ్చాడు, అవి నిన్ననే ఉతికినవి. "వదులుకోవడం ఎందుకన్నా?" అంటాడు. సర్దుబాటు అందరికంటే పెద్ద మూటతో వచ్చాడు, అన్నీ శుభ్రమైన బట్టలే. మెషీన్ మూత వెయ్యబోతూ ఆగి, తెల్లటి దుప్పటి ఒకటి పైకెత్తి చూసి, "నేనేం చేస్తున్నాను అన్నా?" అన్నాడు.

పక్కన ఉన్నవాళ్లు ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వరస చివరిదాకా పాకింది. సగం మంది గుండీలు కౌంటరు మీద పోసేసి, మూటలు విప్పకుండానే ఇంటికి వెళ్లిపోయారు. వాళ్ల మొహాల్లోనూ నాకున్న తేలికే కనిపించింది. దాచుకోవడం వాళ్లకీ బరువే అయినట్టుంది. మిగతావాళ్లవి ఉతికించాను. శుభ్రంగా ఉన్నవి మళ్లీ శుభ్రమయ్యాయి.

ఏప్రిల్ 5

స్విచ్చి వేశాను. బోర్డు వెలిగింది. మొదటి వంతు పై అంతస్తు, దుప్పట్లు.

డబ్బా తీసుకెళ్లి మరమ్మతు గదిలో ఇచ్చేశాను.

ఏప్రిల్ 14

టీచరుగారి ఆపరేషన్ అయింది. వాళ్లాయన దగ్గర నేను కూర్చున్నాను. ఆవిడ పచ్చటి గుడ్డ కట్టుతో వచ్చి, నేను పెట్టిన దుప్పటి మడత వేలితో తడిమి చూసి, "మూల కలవలేదు" అంది.

ఏప్రిల్ 16

కట్టు విప్పారు. "గోడ ఇంత మురికిగా ఉందా!" అన్నదట మొదటి మాట. మా ఆవిడ ఆ మాట తలుచుకుని పొద్దస్తమానం నవ్వుతోంది.

మే 9

మా ఆవిడ కాలికి ఇవాళ గుమ్మం తట్టుకుంది. దెబ్బ తగల్లేదు. కానీ నాకు మళ్లీ సర్దుబాటు గుర్తొచ్చాడు. అది మాత్రం నిజం, రాసుకోవాలి.

వెంటనే ఆవిడతోనే చెప్పాను, ఇలా భయమేస్తోందని. "అలా చెప్పండి. ఇప్పుడు చెయ్యి పట్టుకోండి, వంటశాల దాకా వెళ్దాం" అంది. మే నెల అంతా చెయ్యి పట్టుకునే తిరిగేలా ఉన్నాం. బాగానే ఉంది.

జూన్ 16

మా ఆవిడ ఆపరేషన్ అయిపోయింది. డాక్టరు ఏమన్నాడంటే, ఆగినందువల్ల కంటికి వీసమెత్తు నష్టం లేదు. మార్చిలోనూ ఇదే చెప్పాడు. అప్పుడు నేనే వినలేదు.

జూన్ 18

కట్టు విప్పారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇంకా ఆ పిన్నీసేనా?" అంది.

జూన్ 25

పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం తనే ఎక్కించుకుంది. మొదటిసారికే దూరింది. రెండోది కూడా ఎక్కించింది, అవసరం లేకపోయినా. మూడోది నన్ను చూడమని ఎక్కించింది. నా కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు.

తర్వాత నా తెల్ల చొక్కా తీసుకుంది. మరమ్మతు గది నుంచి తెచ్చిన గుండీ ఒకటి కొంగు ముడి విప్పి తీసింది. అంచు చిట్లిన ఆకుపచ్చ కోటు గుండీ. నేను పెట్టిన ఐదో కన్నంలోంచి కూడా దారం లాగి మరీ కుట్టింది. గుండీ పెద్దది, కాజాలో పట్టదు. కాజా కత్తిరించి మళ్లీ కుట్టింది.

"తెల్లవి లేవా?" అన్నాను.

"లేవు" అంది, నేను ఆ రోజు అన్నట్టే.

అదే వేసుకుని హాలుకి వెళ్లాను. సర్దుబాటు ఇప్పుడు వస్తువుల గదిలో నిచ్చెనలూ సైకిళ్లూ ఎవరికేవి కావాలో చూసి ఇస్తున్నాడు. ఆ పని అతనికి పుట్టుకతో వచ్చినట్టుంది. నా గుండీ చూసి దగ్గరికొచ్చాడు. వేలితో ముట్టుకున్నాడు. పాత అలవాటు.

"ఇది మంచి గుండీ అన్నా. ఇస్తావా?"

"రాదు. మా ఆవిడ కుట్టింది" అన్నాను.